పన్నెండుకు ఇరవైమూడు

మూడింటికి కరెంటు పోయింది. పోతే పోయింది, ఫోన్లో సిగ్నల్ పోకపోతే చాలు అనుకుంది నిరోష. మూడుకీ నాలుగుకీ మధ్యలో చేస్తానంది గుంటూరు ఆస్పత్రిలో జన్యువుల జబ్బులు చూసే నజీమా మేడమ్. కడుపులో పధ్నాలుగు వారాల బిడ్డ. పోయిన బిడ్డకి వచ్చిన జబ్బే దీనికీ వచ్చిందా, రాలేదా, ఆ ఫోన్లో తేలుద్ది. అంతే సంగతి. చుట్టూ తిప్పి చెప్పడానికేం లేదు. రెండు వారాల కిందట పొట్టలోకి సూది దించి మాయలోంచి చిన్న ముక్క తీశారు. హైదరాబాద్ పంపారు. అక్కడెవరో దాంట్లో డీఎన్ఏ అక్షరాలు చదివారు. చదివింది ఇవ్వాళ చెప్తారు. ఇంట్లో కూచుంటే గోడ గడియారం మొహం చూస్తూ కూచోవాలి, అందుకని రోజూలాగే అన్నం తిని షాపుకొచ్చేసింది. వినుకొండ బస్టాండ్ వెనక సందులో ముంతాజ్ అక్క టైలరింగ్ షాపు. జూన్ నెల. బళ్ళు తెరిచారు, యూనిఫారాలు మోకాళ్ళెత్తున గుట్ట పడి ఉన్నాయి, నీలం చొక్కాలు, అన్నిటికీ కాజాలు తియ్యాలి, గుండీలు కుట్టాలి. ముంతాజ్ అక్క కరెంటు పోగానే మోటారు వదిలేసి కాళ్ళతో తొక్కటం మొదలుపెట్టింది. నిరోషకి కరెంటుతో పనే లేదు. చాక్‌పీసు, చిన్న కత్తెర, సూది, దారం. ముందు గుర్తు పెట్టటం, తర్వాత బట్టని రెండు వేళ్ళతో బిగించి పట్టటం, తర్వాత కోత, ఆ తర్వాత కోసిన అంచు పీచు లేవకుండా కట్టటం. చొక్కాకి ఆరు. ఒక కాజా, ఇంకో కాజా.

మిషను తొక్కుడు చప్పుడు ఆమె చెవిలోకి అక్షరాలుగా వస్తోంది. సీ ఏ సీ ఏ జీ టీ జీ. ఏడు. కాస్త ఆగి, ఏ సీ ఏ ఏ ఏ ఏ ఏ సీ సీ. తొమ్మిది. ఏడాదిగా ఇదే. పొయ్యి దగ్గర, బస్సులో, రాజేష్ పక్కన పడుకుని ఫ్యాను చూస్తా ఉన్నప్పుడూ. కొంతమందికి దేవుడి పేరు అట్లా నోట్లో తిరుగుతా ఉంటది, ఈమెకి ఈ పదహారు అక్షరాలు. నరసరావుపేటలో డిగ్రీ బీజెడ్‌సీ రెండో ఏడాది దాకా చదివింది, జంతుశాస్త్రంలో ఎనభై ఒకటి వచ్చింది, అప్పుడు పెళ్ళి. డీఎన్ఏ బొమ్మ రంగు పెన్సిళ్ళతో గీస్తే కాలేజీ మేడమ్ క్లాసంతా తిప్పి చూపించింది. అంత బాగా గీసినోళ్ళు ఎవరూ లేరంది. బొమ్మ బాగుంది, నిజమే. బొమ్మలోంచి బయటికి ఏం వచ్చిందని? ఏం రాలేదు. మార్కులొచ్చినయ్.

ఫోను మూలిగింది. సూది బట్టకే వదిలేసి అందుకుంది. చూస్తే రాజేష్ మెసేజి. వచ్చిందా. లేదు, అని కొట్టింది. నూజెండ్ల పొలంలో మిరప నారుమడి దగ్గర ఉండుంటాడు, పది నిమిషాలకోసారి వచ్చిందా, వచ్చిందా. మనిషి మంచోడే. కానీ, వచ్చింది చెడ్డదైతే ఏం చేద్దాం బావా అని ఎన్నిసార్లు అడిగినా నీ ఇష్టం అంటాడు. నీ ఇష్టం అనే మాటంత పిరికి మాట ఇంకోటి లేదు. ఉంచుకుంటే పుట్టిన రోజునుంచే వేరు గదిలో పెట్టి, ఏ టీకా వెయ్యొచ్చో ఏది వెయ్యకూడదో చూసుకుంటా, మూలుగ మార్పిడికి పరిగెత్తాలి. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పాలి. రెండు దార్లూ నజీమా మేడమ్ విడమరిచి చెప్పింది, ఏ దారీ ఆవిడ చూపించలేదు, చూపించకూడదట. మీరిద్దరూ కలిసి అనుకోవాలి అంది. ఇద్దరూ కలిసి అనుకోవటమంటే, ఈమె అనుకోవటం, అతను నీ ఇష్టం అనటం.

గుర్తు, పట్టు, కోత, కట్టు. నజీమా మేడమ్ తెల్ల కాగితం మీద గీసిన రోజు ఎండ ఇట్లాగే ఉంది. ఒంట్లో క్రిములతో కొట్లాడే కణాలు తయారయ్యేటప్పుడు ఒళ్ళే డీఎన్ఏని కొన్ని చోట్ల కోసి, ముక్కల్ని కొత్త జతలుగా అతుకుద్దమ్మా, ఒక్కో కణంలో ఒక్కో జత, అందుకే ఎన్ని లక్షల రకాల క్రిములొచ్చినా పట్టే కణం ఏదో ఒకటి ఉంటది, ఆ కోసేదాని పేరు రీకాంబినేజ్, దాన్ని తయారుచేసే జన్యువుల్లో ఒకటి ర్యాగ్ వన్. పేరు వినగానే రాజేష్, ర్యాగింగా అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నిరోష అడిగింది, మూడొందల కోట్ల అక్షరాలున్నయ్ కదండీ, ఎక్కడ కొయ్యాలో దానికెట్టా తెలుసు? మేడమ్ పెన్ను ఆపి తలెత్తింది. ఆ కుర్చీలో కూచున్నోళ్ళంతా అడిగేది ఒకటే, ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది అని. మొగుడి వైపా, పెళ్ళాం వైపా, ఎవర్ని తిట్టాలి అని. ఎట్టా తెలుసు అని అడిగినోళ్ళు లేరట.

దానికి తెలియదమ్మా, తడుముకుంటది, అంది మేడమ్. గుడ్డివాడు గోడ తడుముకుంటా పోయినట్టు. తొమ్మిదక్షరాల చోటు తగిలితే ఆగుద్ది. మధ్యలో ఐదు ఏలు వరసగా ఉన్నచోట డీఎన్ఏ మెలిక కాస్త సన్నగా ఉంటది, ర్యాగ్ వన్ వేళ్ళు సరిగ్గా అక్కడికి దిగుతయ్. అది ఆనవాలు. అక్కణ్ణుంచి కొంచెం ఎడంలో ఏడక్షరాలుంటయ్, వాటి అంచునే కోత, ఒక్క అక్షరం అటూ ఇటూ పోదు. మధ్యలో ఎడం మాత్రం రెండే రకాలు, పన్నెండక్షరాలు, లేకపోతే ఇరవైమూడు. తాడుకి పురి ఉన్నట్టే దీనికీ పురి ఉంది, పన్నెండంటే ఇంచుమించు ఒక పురి, ఇరవైమూడంటే రెండు. ఎట్లా ఉన్నా తొమ్మిదీ ఏడూ ఒకే పక్కకి తిరిగి ఉంటయ్, పట్టుకోవడానికి వీలుగా. ఆ మధ్యలో ఏ అక్షరాలున్నాయనేది దానికి పెద్దగా పట్టదు. ఎడం సరిపోయిందా లేదా, అదే కావాలి. ఇంకో సంగతి, పన్నెండు ఉన్న ముక్క ఇంకో పన్నెండుతో కలవదు. ఇరవైమూడు ఇరవైమూడుతో కలవదు. పన్నెండుకి ఇరవైమూడే. రెంటినీ రెండు చేతులా పట్టుకుని దగ్గరికి లాగితేగాని కత్తెర తెరవదు.

ఇంటిపేరు లాగానా, అంది నిరోష. చింతలపూడోళ్ళు చింతలపూడోళ్ళని చేసుకోరు, అట్టానా? అచ్చం అట్టాగే, అని నజీమా మేడమ్ నవ్వి, సగంలో నవ్వు ఆపేసింది. ఎందుకాపిందో అప్పుడు తెలియలేదు. బస్సు చిలకలూరిపేట దాటాక తెలిసింది. కోసే ఆ ఎంజైము ఎడం కొలుస్తది. మనవాళ్ళు పేరు కొలుస్తారు. పేరు వేరైతే ఎడం ఉన్నట్టే అనుకుంటారు. మేనమామ ధనుంజయరావు కొడుకు రాజేష్, పేరు వేరు, ఎడమేదీ? అమ్మమ్మ పుల్లమ్మ ఒక్కతే, ఇద్దరికీ. ఆమె కొడుకు కొడుకు ఇతను, ఆమె కూతురు కూతురు ఈమె. అమ్మమ్మ దగ్గరో, పదేళ్ళ కింద పోయిన తాత దగ్గరో ర్యాగ్ వన్‌లో ఒక్క అక్షరం మారి ఉంది, అది కొడుక్కి వెళ్ళింది, కూతురికి వెళ్ళింది, వాళ్ళ దగ్గర్నుంచి వీళ్ళకి. ఒక్కటి మారితే ఏం కాదు, రెండోది బాగుంటది, దాంతో బండి నడుస్తది. రెండూ మారినోడు పుట్టాడు. మారిన ఆ ఒక్క అక్షరం ఎక్కడంటే, సరిగ్గా ఆ వేళ్ళ దగ్గర. తొమ్మిదింటిని పట్టుకునే చోట. కత్తెరకేం కాలేదమ్మా, కత్తెర పదునుగానే ఉంది, పట్టే వేళ్ళు లేవు, అంది మేడమ్.

కత్తెరకేం కాలేదు. నిరోష నీలం బట్ట మీద కాజా కోసి, అంచు వేలితో తడిమింది.

"ఇవి నోట్లో వేసుకో, అరిగిపోతా ఉంది ఫోను, చూసీ చూసీ," అంది ముంతాజ్ అక్క సోంపు పొట్లం ఇటు విసిరి. ఆమె కాళ్ళు ఆగలేదు. "ఎన్నింటికన్నది ఆమె?"

"నాలుగులోపు."

"మాలో చిన్నాన్న కొడుకుని కూడా చేసుకుంటారు తెలుసా. దానికి మీవాళ్ళు ఛీ ఛీ అంటారు. అదే మేనమామ కొడుకైతే మేళం పెట్టి ఊరేగిస్తారు. రక్తం మాత్రం మాదీ మీదీ ఒకే లెక్క." దారం పళ్ళతో కొరికింది. "నేనంటే ఎవరింటారులే. టైలర్‌ని."

నిరోష నవ్వింది. పొద్దుణ్ణుంచీ అదే మొదటి నవ్వు. ముంతాజ్ అక్క అన్నదాంట్లో తప్పేం లేదు. ఎవరి ఛీ వాళ్ళది. గుండీ తీసుకుంది. గుండీకి కాజా, కాజాకి గుండీ. గుండీకి గుండీ పెట్టి ఎంత నొక్కినా చొక్కా మూసుకోదు. ఇంత చిన్న సంగతి బట్టకి తెలుసు.

సాయి చొక్కాలకి గుండీలు పెట్టలేదు. వెంకట సాయి. పేరు పెట్టిన రోజు అంత గొంతేసుకుని ఏడ్చాడు, వీడు సర్పంచి అవుతాడన్నారు. పుట్టిన రెండో రోజు అందరు పిల్లలకీ వేసినట్టే ఎడమ జబ్బకి బీసీజీ సూది వేశారు. అందరు పిల్లలకీ అది చిన్న మచ్చగా మిగులుద్ది. వీడి ఒంట్లో ఆ టీకా క్రిమిని ఆపే కణాల్లేవు, అది మానలేదు. చిన్న పొక్కు, పెద్ద పుండు, చంకలో గడ్డ. నోట్లో తెల్లటి పూత, ఎంత తుడిచినా మళ్ళీ. దగ్గు. చెయ్యి కదిలిస్తే ఏడుస్తున్నాడని నిరోష మెత్తటి పాత చీర చించి ఎడమ చెయ్యి లేకుండా చొక్కాలు కుట్టింది, వీపు మీద ముడి. నాలుగు కుట్టింది. నాలుగూ సరిపోయినయ్ చివరిదాకా, వాడు పెరిగితే కదా. రక్తపరీక్ష కాగితాలు మూడు చోట్ల మూడు ఉన్నయ్, మూడింట్లోనూ ఆ కొట్లాడే కణాల వరసలో, లింఫోసైట్లు అని ఉన్నచోట, అడుగంటిన అంకె. అంకె అక్కడే ఉంది. ప్రింటు అయింది. కింద సంతకం కూడా ఉంది. చదివినోడు లేడు. పిల్లాడికి బలం చాల్లేదు, పాలు సరిగ్గా పట్టట్లేదు నువ్వు, అన్నారు. పాలు పట్టేది నువ్వేగా, తప్పు నీదే, అంత సులువు. ఐదో నెల్లో గుంటూరు తీసుకుపోయాక ఒక డాక్టరమ్మ ఆ అంకె మీద వేలు పెట్టి, గబుక్కున తలెత్తి అడిగింది, మీరిద్దరూ దగ్గరి చుట్టాలా? చేతిలో ఉన్న తల్లీబిడ్డల కార్డు చూసి, ఇందులో లేదు అని రాశారే? అంది. పదకొండు రోజుల తర్వాత సాయి పోయాడు.

ఇందులో లేదు అని రాశారే.

ఇక్కడిదాకా వచ్చి మనసు ఎప్పుడూ పక్కకి తిరుగుతుంది. పక్కకి తిరిగితే అమ్మమ్మ కనపడుద్ది. ఏడాదినుంచీ నిరోష అమ్మమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం పెడితే తినటం, పిలిస్తే పలకటం. ఎందుకంటే లేదు అని చెప్పింది అమ్మమ్మ. మొదటి కాన్పుకి కార్డు రాసేటప్పుడు నర్సు దేవమ్మ వరసగా అడుగుతా ఉంది, షుగరుందా, బీపీ ఉందా, ముందు ఏమన్నా పోయినయ్యా, రక్తసంబంధంలో చేసుకున్నారా. పుల్లమ్మ బుగ్గ నొక్కుకుంది. "ఛీ ఛీ, అదేం మాటమ్మా! రక్తసంబంధమేంది? మా ఇంటిపేరు వేరు, వాళ్ళ ఇంటిపేరు వేరు. మేమేమన్నా అన్నకీ చెల్లికీ చేశామా?" బల్ల మీద కూచున్న ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అంతే. అట్లా లేదు అయింది. ఏడాదిగా ఈ కథ ఇక్కడే ఆగుద్ది.

ఆగదు. ఇవ్వాళ ఆగట్లేదు. మిషను తొక్కుతానే ఉంది, సీ ఏ సీ, అమ్మమ్మ మాటైపోయాక దేవమ్మ పెన్ను గాల్లో ఆగింది. దేవమ్మ ముసలామె మాట రాయలేదు. ఇటు తిరిగింది. నిరోష మొహంలోకి చూసి అడిగింది, చదువుకున్నదానివి, నువ్వు చెప్పు, లేదా?

లేదు.

ఎవరన్నారు? నిరోష అంది. ఈ నోటితోనే. రెండో ఏడాది పరీక్షలో వంశవృక్షం బొమ్మ, మగవాడికి చదరం, ఆడదానికి సున్నా, దగ్గరి చుట్టాల పెళ్ళికి మధ్యలో రెండు గీతలు, స్కేలు పెట్టి గీసి పది మార్కులు తెచ్చుకున్నది నిరోష. అమ్మమ్మకి తెలియదు, నిజంగా తెలియదు, ఆమె లెక్కలో రక్తసంబంధమంటే పాపం, మేనరికమంటే గౌరవం, రెండూ ఒకటేనని ఆమెకి ఎవరూ ఏనాడూ చెప్పలేదు. నిరోషకి తెలుసు. ఆ క్షణంలో రాజేష్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, బల్ల మీద ఆడవాళ్ళు ఇంకా నవ్వుతున్నారు, అవును అంటే అన్నాచెల్లెళ్ళన్నట్టు ఉంటదనిపించింది, సిగ్గేసింది, అంతే, సిగ్గు, ఒక్క ఊపిరంత సిగ్గు. అవునంటే సాయి బతికేవాడా? అని నజీమా మేడమ్‌ని అడిగింది ఒకసారి, అన్నది ఎవరో చెప్పకుండా. ఆ మాటకే బీసీజీ ఆపరు, మందులూ ముందే రావు, కానీ రెండో నెల్లో ఎవరన్నా అనుమానపడి ఉండొచ్చు, ఏమో చెప్పలేను, అంది. ఏమో. ఆ ఏమో నిరోషది. అమ్మమ్మది కాదు. ఏడాదిగా దాన్ని ముసలామె నెత్తిన పెట్టి మోయించింది.

అసలు ఆ కార్డు రాయించినవాడెవడు? రక్తసంబంధం అనే మాట ఈ నేలమీద ఎవడు వాడతాడు? ఆ గడిలో మేనరికమా అని అడిగితే పల్నాడులో ఒక్క ఇల్లు అబద్ధం చెప్పదు. గర్వంగా చెప్పుద్ది, ఎన్ని తరాలనుంచో వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పుద్ది. ఎంజైము కూడా తన తొమ్మిదక్షరాలు ఉంటేనే ఆగుద్ది, వేరే తొమ్మిది రాసి పట్టుకో అంటే పట్టుకోదు. జనానికి తగలని మాట రాసి, జనానికి తెలివి లేదంటారు. సూది వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుంది. నీలం బట్టకి రక్తం అంటలేదు, చూసుకుంది.

మూడూ నలభైకి పుల్లమ్మ వచ్చింది, మజ్జిగ సీసా చెంగులో చుట్టుకుని, ఎండకి మొహం కందిపోయి. వచ్చి మెట్టు మీద కూలబడింది.

"తాగవే. పొద్దున తిన్నదే కదా."

మామూలుగా అయితే అక్కడ పెట్టు అనేది. నిరోష సీసా అందుకుని మూత తీసి సగం తాగేసింది. ముసలామె ఆ తాగటాన్నే చూస్తా ఉంది.

"ఫోనొచ్చిందా?"

"లేదమ్మమ్మా."

అమ్మమ్మా అన్న మాటకి పుల్లమ్మ తలెత్తింది, చెంగుతో మెడ తుడుచుకుంది. అప్పుడు మోగింది ఫోను. ముంతాజ్ అక్క కాళ్ళు ఆగిపోయినయ్. మిషను ఆగితే ఆ షాపులో ఇంత నిశ్శబ్దం ఉంటదని నిరోషకి తెలియదు, సందులో సోడా బండివాడి గ్యాసు చప్పుడు కూడా వినపడింది. చెవి దగ్గర పెట్టుకుంది. నమస్తే మేడమ్. ఆఁ. ఆఁ. కూచునే ఉన్నానండీ.

నాలుగు గళ్ళు గీసింది మేడమ్ ఆ రోజు. ఒకటి తెల్లది, రెండు సగం నలుపు, ఒకటి పూర్తి నలుపు, సాయిది. చూపు ముందు ఆ నాలుగే ఉన్నయ్.

"నీలాగే," అంది నజీమా మేడమ్. "నీలాగే, రాజేష్ లాగే. ఒకటి మారింది, ఒకటి బాగుంది. సాయి జబ్బు దీనికి రాదు. విన్నావా నిరోషా? రాదు. టీకాలన్నీ వేయించుకోవచ్చు. కాకపోతే పెద్దయ్యాక, పెళ్ళి చేసేటప్పుడు—"

"తెలుసు మేడమ్."

పెట్టేసింది. ఏడుపు రాలేదు. మొదట వచ్చింది ఆకలి. రాజేష్‌కి, రాదంట, అని కొట్టింది. ఏది రాదో అర్థం కాక చస్తాడని, జబ్బు, అని ఇంకోటి కొట్టింది. అవతల్నుంచి మెసేజి రాలేదు, ఫోనే వచ్చింది, ఎత్తితే మాటల్లేవు, ముక్కు ఎగబీల్చటం, దూరంగా ఇంజను చప్పుడు. ఆ ఏడుపు నీ ఇష్టం కన్నా చానా నయం. ఇంటికి రా బావా, ముందు ఇంటికి రా, అని పెట్టేసింది.

పుల్లమ్మకి ముంతాజ్ అక్క అరచేత్తో వీపు మీద కొట్టి చెప్పింది, బాగుందంట పెద్దమ్మా, బిడ్డ బాగుందంట. ముసలామె రెండు చేతులూ కొండ మీది గుడివైపు ఎత్తి దణ్ణం పెట్టింది, ముక్కు చీదింది, వెంటనే తేరుకుంది.

"నే చెప్పలా? ఏం కాదని చెప్పలా? ఇట్టా చూడవే, ఆడపిల్లయిందా, మీ తమ్ముడు వెంకటేష్ కొడుక్కే. ఇప్పుడే అనేసుకుందాం. బయటోళ్ళకి ఇవ్వక్కర్లా."

ముంతాజ్ అక్క కళ్ళు పెద్దవి చేసి నిరోష వైపు చూసింది. నిరోషకి కోపం రావాలి. రాలేదు. నవ్వు వచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళు తడిసినయ్. ఇంకా అరచెయ్యంత కూడా లేని బిడ్డకి అప్పుడే మొగుణ్ణి చూసేసింది ముసల్ది.

"వాడి రక్తం, దీని రక్తం రెండూ చూపించకుండా ఆ మాట ఎవరన్నా ఎత్తారా, ఈ కత్తెరతో నాలుక కోస్తా అమ్మమ్మా. నీదైనా సరే."

"రక్తమేంది మళ్ళీ? వాళ్ళ ఇంటిపేరు..."

"చెప్తా. ఇంటికి పోయాక కూచోబెట్టి చెప్తా. ఇన్నాళ్ళూ చెప్పకపోవటం నాదే తప్పు. ఆ రోజు దేవమ్మ అడిగింది నన్ను. లేదన్నది నేను. నువ్వు కాదు."

పుల్లమ్మకి అర్థమైందో లేదో. ఖాళీ సీసా చెంగులో చుట్టుకుంటా ఉంది. నిరోష సంచిలోంచి కొత్త కార్డు తీసింది. పాత కార్డు చూసి దేవమ్మ కొత్తదాంట్లోకి ఎక్కించిన వరసలు, పేరు, వయసు, భర్త పేరు, షుగరు లేదు, బీపీ లేదు, రక్తసంబంధం, లేదు. సాయిది చూసి సాయి తమ్ముడికో చెల్లికో అదే అబద్ధం, అదే చేతిరాతలో. ముంతాజ్ అక్క కొలతలు రాసుకునే పెన్ను తీసుకుంది. లేదు మీద గీత కొట్టింది. గడి చిన్నది, మాట పట్టదు, అంచు దాటి బయటికి రాసింది. గట్టిగా రాసింది. వెనక అట్ట దాకా అచ్చు దిగింది.

"ఏం రాశావే?" అంది పుల్లమ్మ, మెడ చాపి. ఆమెకి చదువు రాదు.

"మేనరికం అని."

"ఓస్, అదా," అంది ముసలామె లేస్తూ, మోకాళ్ళ మీద చేతులేసుకుని. "దానికింత రాతెందుకే? ఆ రోజే అట్టా అడిగుంటే నేనే చెప్పేదాన్నిగా."